ఓగీచీ ఒడ్డున మట్టికోట

అమెరికా అంతర్యుద్ధం నడుస్తున్న 1863 మార్చి 3 ఉదయం జార్జియా తీరంలో, ఓగీచీ నదీముఖం దాటుకుని ఉత్తరాది నౌకాదళపు మూడు ఇనుప యుద్ధనౌకలు పైకి వచ్చాయి. పసేయిక్, పటాప్స్కో, నహాంట్ అని వాటి పేర్లు. నీటికి మూరెడు ఎత్తున కనిపించే బల్లపరుపు డెక్కు, దాని మీద గుండ్రంగా తిరిగే ఇనుప బురుజు, బురుజులో రెండేసి ఫిరంగులు. రెండింట్లో ఒకటి 15 అంగుళాల నోరున్నది. అప్పటికి అమెరికా నౌకాదళం దగ్గర అంతకంటే పెద్ద ఫిరంగి లేదు. దాని నుంచి వెలువడే ఒక్కో గుండు బరువు 150 కిలోల పైమాట.

ఎదురుగా నది మలుపులో జెనిసిస్ పాయింట్ అనే చోట దక్షిణాది కాన్ఫెడరేట్ సైన్యం కట్టిన ఫోర్ట్ మెకాలిస్టర్ ఉంది. ఆ రోజు ఏడెనిమిది గంటల పాటు ఓడలు దాన్ని కొడుతూనే ఉన్నాయి. సాయంత్రానికి కోటలో పోయిన ప్రాణం ఒక్కటే. అది కూడా సైనికులు ముద్దుగా పెంచుకుంటున్న గండుపిల్లి. కోట గట్టుల్లో మాత్రం పెద్ద పెద్ద గుంటలు పడ్డాయి. ఆ రాత్రి కోటలోనివాళ్ళు పారలు, బుట్టలు పట్టుకుని దిగారు. తెల్లారేసరికి గుంటలు పూడిపోయాయి, ఫిరంగులు మళ్ళీ నది వైపు గురిపెట్టి ఉన్నాయి.

ఆ కోటలో రాతిగోడ లేదు, ఇటుక గోడ లేదు. ఇసుక, నదీతీరపు బురదమట్టి, పైన కప్పిన పచ్చిక, లోపల కొంత కలప. అంతే.

దీని విలువ తెలియాలంటే పదకొండు నెలలు వెనక్కి, నలభై కిలోమీటర్ల లోపు దూరానికి వెళ్ళాలి. సవానా నది ముఖద్వారంలో కాక్‌స్పర్ దీవి మీద ఫోర్ట్ పులాస్కీ ఉంది. 1829లో మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళు కట్టిన కోట అది. రెండున్నర కోట్ల ఇటుకలు పట్టాయి. గోడ మందం ఏడున్నర అడుగులు. తర్వాతి కాలంలో దక్షిణాది సేనానిగా పేరుపొందిన రాబర్ట్ లీ, సైనిక విద్య ముగించుకుని వచ్చిన తొలి ఉద్యోగంలో ఆ దీవి మీదే కాలువలు తవ్వించాడు, కట్టలు పోయించాడు. ఎదురుగా ఉన్న టైబీ దీవి మైలు పైచిలుకు దూరం. అంత దూరం నుంచి ఏ ఫిరంగీ ఈ గోడను కూల్చలేదన్నది ఆనాటి చాలామంది ఇంజనీర్ల లెక్క. గుండ్రటి ఇనుప గుండ్ల కాలానికి ఆ లెక్క సరైనదే.

కానీ 1862 ఏప్రిల్ 10న టైబీ మీద ఉత్తరాది ఇంజనీరు క్విన్సీ గిల్మోర్ మోహరించినవాటిలో గొట్టం లోపల మెలికల గాడులున్న రైఫిల్ ఫిరంగులు ఉన్నాయి. ఆ గాడుల వల్ల కోసుగా ఉన్న గుండు తన చుట్టూ తాను గిర్రున తిరుగుతూ, ముక్కు ముందుకే ఉంచుకుని దూసుకెళ్తుంది. గాలి దాన్ని ఆపే శక్తి తక్కువ, కొట్టే చోటు ఖచ్చితం. ముట్టడి ముగిశాక గిల్మోర్ గోడలో గుండ్లు దిగిన లోతులు కొలిపించాడు. 10 అంగుళాల నున్నటి గొట్టం నుంచి వచ్చిన గుండ్రటి గుండు 13 అంగుళాలు దిగింది. అంతకంటే తేలికైన 84 పౌండ్ల రైఫిల్ గుండు 26 అంగుళాలు దిగింది. ముప్పై గంటల్లో కోట ఆగ్నేయ మూల బోరవిడిచింది. ఆ సందులోంచి దూరిన గుండ్లు అవతలి మూలనున్న మందుగుండు గది మీద పడటం మొదలవగానే కోట అధికారి తెల్లజెండా ఎత్తాడు. పద్దెనిమిదేళ్ళ కట్టడం రెండో రోజు మధ్యాహ్నానికి లొంగిపోయింది.

ఇటుక ఎందుకు ఓడింది, మట్టి ఎందుకు నిలిచింది?

ఇటుకను నొక్కితే చాలా బరువు మోస్తుంది. లాగితే మాత్రం ఓర్చుకోలేదు. దాని లాగుడు బలం నొక్కుడు బలంలో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. మధ్యనున్న సున్నం అంతకంటే బలహీనం. గుండు తగిలిన క్షణంలో గోడలోకి ఒక ఒత్తిడి తరంగం పరిగెడుతుంది. గోడ వెనక ముఖం దాకా వెళ్తుంది. అక్కడ గోడ అయిపోయి గాలి మొదలవుతుంది. తరంగం ముందుకు పోవడానికి దారిలేక వెనక్కి మళ్ళుతుంది. అలా మళ్ళేటప్పుడు దాని స్వభావం తిరగబడుతుంది. నొక్కుతూ వచ్చినది లాగుతూ తిరిగివస్తుంది. ఇటుక ఓర్చుకోలేనిది సరిగ్గా అదే. అందుకే గుండు బయట దిగినా లోపలి వైపు పెచ్చులు ఊడి సైనికుల మీద పడతాయి. పైగా ఒక్కసారి పడిన పగులు పోదు. తర్వాతి గుండు ఆ పగులునే ఇంకొంత సాగదీస్తుంది. దెబ్బ మీద దెబ్బ పేరుకుంటూ పోతుంది.

మట్టి సంగతి వేరు. అది ముందే ముక్కలై ఉన్న పదార్థం. రేణువుకూ రేణువుకూ మధ్య ఖాళీ, ఆ ఖాళీలో గాలి, కొంత తేమ. ఒక కుండను, ఒక నిండు వడ్ల బస్తాను అదే కర్రతో అంతే బలంగా కొట్టి చూస్తే తేడా తెలుస్తుంది. గుండు మట్టిలోకి దిగినప్పుడు దాని గతిశక్తి లక్షలాది రేణువులను పక్కకు నెట్టడంలో, ఒకదానికొకటి రాసుకునేలా చేయడంలో, కొన్నిటిని నలిపి పిండి చేయడంలో, ఖాళీల్లోని గాలిని వెళ్ళగొట్టడంలో ఖర్చైపోతుంది. చివరికి ఆ శక్తంతా కాస్త వేడిగా మారి ఊరుకుంటుంది. ఖాళీలున్న పదార్థంలో ఒత్తిడి తరంగం ఎక్కువ దూరం పోదు. నాలుగడుగుల్లోనే నీరసించిపోతుంది. గట్టు మందంగా ఉంటే వెనకవైపుకు చేరేది ఏమీ ఉండదు.

ఇసుకకు ఇంకో గుణం ఉంది. దాన్ని ఎంత గట్టిగా నొక్కితే రేణువులు ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకుంటాయి. దెబ్బ తగిలిన చోటే, దెబ్బ తగిలిన క్షణంలోనే ఇసుక బలపడుతుంది. గుండు లోపలికి పోయి పేలిందనుకోండి, పైకెగిరిన మట్టిలో సగం మళ్ళీ అదే గుంటలో పడుతుంది. వత్తి ఆరిపోయి పేలని గుండ్లు మట్టిలో అలాగే ఉండిపోతాయి.

ఈ సంగతి మనవాళ్ళకు కొత్త కాదు. ఓరుగల్లులో కాకతీయుల రాతికోట చుట్టూ మట్టికోట ఉండేది. 1310లో మాలిక్ కాఫూర్ దాన్ని ముట్టడించినప్పటి కథనం రాసిన అమీర్ ఖుస్రో, ఆ మట్టిగోడలో ఉక్కు ఈటె కూడా దిగదనీ, రాళ్ళు విసిరే యంత్రాల దెబ్బకు అది చలించదనీ ప్రత్యేకంగా చెప్పాడు. ఆ గట్టును చివరికి గెలిచింది యంత్రాలు కాదు. కందకం పూడ్చి పైకెక్కిన మనుషులు. ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి. ఓగీచీ ఒడ్డున కూడా ఇదే జరగబోతోంది.

మట్టి కుప్ప పోసినంత మాత్రాన కోట కాదు. పొడి ఇసుకను కుప్పగా పోస్తే 30 నుంచి 35 డిగ్రీల వాలులో ఆగిపోతుంది. అంతకంటే నిటారుగా నిలవదు. బయటివైపు ఆ వాలు మంచిదే. గుండు దాని మీద నుంచి జారి ఎగిరిపోయే అవకాశం కూడా ఉంటుంది. లోపలివైపు మాత్రం ఫిరంగి పక్కన సైనికుడు నిలబడాలంటే గట్టు నిటారుగా ఉండాలి. అందుకోసం లోపల దుంగలతోనో, పలకలతోనో, పచ్చిక చెక్కలను ఇటుకల్లా పేర్చో దన్ను కడతారు. పైన వేళ్ళతో సహా చెక్కి తెచ్చిన పచ్చిక కప్పుతారు. వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి, వాన నేరుగా మట్టిని కొట్టదు. కొంచెం తేమ ఉంటే రేణువుల మధ్య నీటి పొర వాటిని దగ్గరకు లాగుతుంది. సముద్రపు ఒడ్డున పిల్లలు తడి ఇసుకతో గూళ్ళు కట్టగలిగేది ఈ లాగుడు వల్లే. నీరు ఎక్కువైతే అదే మట్టి జారిపోతుంది, కాబట్టి కోట లోపల కాలువలు సరిగ్గా ఉండాలి.

ఒక ఫిరంగికీ ఇంకో ఫిరంగికీ మధ్య ఎత్తైన మట్టి అడ్డుగట్టు వేస్తారు. పక్కనుంచి వచ్చే గుండు వరసగా అన్ని ఫిరంగులనూ ఊడ్చేయకుండా, ఒకచోట పేలినప్పుడు ఇనుప ముక్కలు పక్క బృందాన్ని చంపకుండా ఆపేది అదే. కోట నడుమ దుంగలతో గది కట్టి, దాని మీద అడుగులకొద్దీ మట్టి పోస్తారు. బాంబులు పడుతున్నంతసేపు సైనికులు తలదాచుకునేది అందులోనే. మెకాలిస్టర్‌లో గుండ్లను ఎర్రగా కాల్చే కొలిమి కూడా ఉంది. ఎర్రగా కాలిన గుండు చెక్క ఓడలో దిగితే ఓడ అంటుకుంటుంది. ఇనుప ఓడలు రావడంతో దాని పని తగ్గిపోయింది.

ఓడలు దగ్గరకు వచ్చి కొట్టకుండా నదిలో అడ్డంగా గుంజలు పాతారు. నీటి మందుపాతరలు వదిలారు. ఆ తీరంలో ఆటుపోట్ల తేడా రెండు మీటర్ల పైనే ఉంటుంది. ఆటు వచ్చిందంటే పెద్ద ఓడకు లోతు చాలదు. 1863 జనవరి 27న వచ్చిన మాంటాక్ అనే ఇనుప ఓడకు నాయకుడు జాన్ వార్డెన్. ఏడాది కిందట ఇనుప ఓడల తొలి పోరాటంలో ప్రసిద్ధమైన మానిటర్ నౌకను నడిపినవాడు. ఆయన కొట్టిన గుండ్లు గట్టును చెదరగొట్టడం తప్ప ఏమీ చేయలేకపోయాయి. ఫిబ్రవరి 1న మళ్ళీ వచ్చాడు. ఆ రోజు ఒక ఫిరంగి ముందున్న గట్టు కొట్టుకుపోయింది, కోట అధిపతి మేజర్ జాన్ గాలీ చనిపోయాడు. కోట మాత్రం పడలేదు. ఫిబ్రవరి 28న వార్డెన్ కోట వెనక ఇరుక్కుపోయిన నాష్‌విల్ అనే దక్షిణాది ఓడను తగలబెట్టగలిగాడు. తిరిగి వెళ్తూ మందుపాతర మీదికెక్కి అడుగు చిల్లి పడి, బురదలో ఒరిగించి అతుకు వేసుకోవాల్సి వచ్చింది. మార్చి 3 నాటి మూడు ఓడల దాడి దీని తర్వాతిదే. నిజానికి ఉత్తరాది నౌకాదళానికి అదొక సాధన. వాళ్ళ అసలు గురి ఛార్లెస్టన్ రేవు. కొత్త ఇనుప ఓడలు మట్టికోటను ఏం చేయగలవో చూసుకోవడానికి ఓగీచీకి వచ్చారు, ఏమీ చేయలేవని తెలుసుకుని వెళ్ళారు.

ఇప్పుడు ఆ పారలు పట్టిన చేతుల సంగతి. ఓగీచీ రెండు ఒడ్లా వరి పండించే పెద్ద పెద్ద తోటలుండేవి. పొలాల చుట్టూ మైళ్ళ కొద్దీ మట్టికట్టలు, వాటిలో చెక్క తూములు. పోటు వచ్చినప్పుడు సముద్రం వెనక్కి తోసే మంచినీటిని తూము ఎత్తి పొలంలోకి పెట్టుకోవడం, ఆటు వచ్చినప్పుడు వదిలేయడం. గోదావరి లంకల్లో కట్ట తెగితే ఏమవుతుందో తెలిసినవారికి ఈ పని ఎంత నేర్పుదో వేరే చెప్పనక్కర్లేదు. ఈ కట్టలన్నీ వేసిందీ, ఏటేటా బాగుచేసిందీ బానిసలుగా ఉంచిన ఆఫ్రికన్ సంతతివాళ్ళు. వాళ్ళ పూర్వీకుల్లో చాలామందిని పశ్చిమ ఆఫ్రికాలో వరి పండే ప్రాంతాల నుంచే పట్టి తెచ్చారు. యుద్ధం వచ్చాక కాన్ఫెడరేట్ ఇంజనీర్లు తోటల యజమానుల నుంచి ఈ మనుషులను తెప్పించి కోటల పనిలో పెట్టారు. సైనికులతో పాటు మెకాలిస్టర్ గట్టులకు మట్టి మోసింది వాళ్ళే. ఏ మట్టి ఎంత తడిలో అదిమితే నిలుస్తుందో, పచ్చిక ఎలా చెక్కితే వేళ్ళు బతుకుతాయో వాళ్ళకు తెలుసు. ఆ కోట గెలిస్తే తమ బానిసత్వం కొనసాగుతుందనీ వాళ్ళకు తెలుసు. మట్టికోటల బలం గురించి చెప్పే పుస్తకాలు ఇంజనీర్ల పేర్లు రాస్తాయి. ఇటుకకు లేని గుణం మట్టికి ఉందంటే, ఆ గుణం రాత్రికి రాత్రి బాగుచేయగలగడం. ఆ బాగుచేయడమంటే మనుషుల వెన్నెముకలు. ఇంత చెప్పకుండా ఈ శాస్త్రం పూర్తి కాదని నా నమ్మకం.

ఇలాంటి కోటలు ఆ తీరం పొడవునా ఉన్నాయి. ఛార్లెస్టన్ దగ్గర మోరిస్ దీవి మీద ఇసుక, తాటిజాతి దుంగలతో కట్టిన బ్యాటరీ వాగ్నర్ ఒకటి. 1863 జులై 18న నల్లజాతి సైనికుల 54వ మసాచుసెట్స్ దళం ప్రాణాలకు తెగించి దాడి చేసింది దాని మీదే. అప్పుడు పడని కోటను సెప్టెంబరులో రక్షకులే ఖాళీ చేసి వెళ్ళారు. ఉత్తర కరోలినాలో ఫోర్ట్ ఫిషర్ వీటన్నిట్లో పెద్దది. 1864 డిసెంబరు 24న దాన్ని పేల్చేద్దామని 200 టన్నులకు పైగా మందుగుండు నింపిన ఓడను దగ్గరగా తెచ్చి పేల్చారు. ఇసుక గట్టు చెక్కుచెదరలేదు. ఆ రోజూ, మర్నాడూ కలిపి దాదాపు 20,000 గుండ్లు కురిపించినా లొంగలేదు. 1865 జనవరి 15న సైనికులు నేల మీద నుంచి వచ్చి, ఒక్కో అడ్డుగట్టు కోసం గంటల తరబడి ముఖాముఖి పోరాడాకే అది చిక్కింది.

మెకాలిస్టర్ కథ ముగిసింది కూడా నేల మీద నుంచే. 1864 చివర్లో ఉత్తరాది జనరల్ షెర్మన్ అరవై వేల సైన్యంతో అట్లాంటా నుంచి సముద్రం వైపు నడిచి వచ్చాడు. సవానా నగరం ముంగిట్లోకి వచ్చేసరికి తిండి గింజలు కావాలి, సరుకుల ఓడలేమో ఒస్సబా మొగలో నిలిచి ఉన్నాయి. మధ్యలో అడ్డం ఈ ఒక్క కోటే. డిసెంబరు 13న విలియం హేజెన్ డివిజన్‌ను దాని మీదికి పంపాడు. తాను నదికి అవతల ఉన్న చీవ్స్ వారి బియ్యపు మిల్లు పైకప్పు ఎక్కి దుర్భిణిలో చూస్తూ కూర్చున్నాడు.

కోటలో ఉన్నది 230 మంది చిల్లర. ముందు నరికిన చెట్ల కొమ్మలు మొనలు బయటికి పెట్టి పేర్చిన అడ్డు, ఆ తర్వాత నేలలో మందుపాతరలు, తర్వాత చెక్కిన గుంజలు పాతిన కందకం, ఆపైన గట్టు. చూడటానికి గట్టి ఏర్పాటే. కానీ ఆ కోట రూపకల్పనంతా నది వైపు నుంచి వచ్చే గుండు కోసం. నేల వైపు ఫిరంగులు గట్టు పైన తెరిపిన ఉన్నాయి, వాటి దగ్గర నిలబడ్డవాళ్ళను దూరం నుంచి గురికాళ్ళు ఒక్కొక్కరినీ పడగొట్టారు. ఆటు సమయం కావడంతో నది అంచున నీరు తగ్గి, కొమ్మల అడ్డు చేరని చోట ఒడ్డు బయటపడింది. కొందరు దాని చుట్టూ తిరిగి లోపలికి దూరారు. మిగిలినవాళ్ళు పాతరల మీదుగానే పరిగెత్తారు. పొద్దువాలుతుండగా మొదలైన దాడి పదిహేను నిమిషాల్లో ముగిసింది. దాడి చేసినవాళ్ళలో 24 మంది చనిపోయారు, 110 మంది గాయపడ్డారు. చాలామందిని కొట్టింది ఫిరంగులు కాదు, నేలలోని పాతరలే. వాటిని పట్టుబడ్డ సైనికుల చేతనే షెర్మన్ తవ్వించాడు.

150 కిలోల గుండును మింగిన గట్టు, మనిషి పాదానికి మెట్టు అయింది. వాలు ఉన్న మట్టికి ఇది పుట్టుకతో వచ్చిన బలహీనత. గుండును ఆపే వాలే మనిషిని ఎక్కనిస్తుంది. దాన్ని కాపాడేది కందకమూ, కందకాన్ని కాపాడే మనుషులూ. ఆ మనుషులు చాలినంతమంది లేరు.

ఎనిమిది రోజుల తర్వాత సవానా షెర్మన్ చేతికి వచ్చింది. 1865 జనవరి 16న ఆయన జారీ చేసిన 15వ నంబరు ఉత్తర్వు, తీరం వెంట యజమానులు వదిలి పారిపోయిన వరి పొలాలను స్వేచ్ఛ పొందిన నల్లజాతి కుటుంబాలకు నలభై ఎకరాల వరకు పంచమంది. కట్టలు వేసినవాళ్ళకే ఆ కట్టల లోపలి భూమి దక్కబోయింది. లింకన్ హత్య తర్వాత అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ అదే ఏడాది ఆ ఉత్తర్వును తలకిందులు చేసి భూమిని పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు.

కోట పొదలతో నిండిపోయింది. కలప పుచ్చి, గదుల పైకప్పులు కుంగాయి. కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్ ఆ ప్రాంతంలో కొన్న భూముల్లో ఇదీ ఉంది. 1930ల చివర్లో ఆయన దీన్ని తవ్వించి బాగుచేయించాడు. ఇప్పుడది జార్జియా రాష్ట్ర చారిత్రక ఉద్యానవనం, రిచ్‌మండ్ హిల్ ఊరి దగ్గర. అట్లాంటా చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలు చాలా సెలవులకు టైబీ బీచికి వెళ్తుంటాయి. ఈ కోట ఆ దారికి కాస్త పక్కనే ఉంటుంది. మునిగిన నాష్‌విల్ ఓడ యంత్రభాగాలు అక్కడే ప్రదర్శనలో ఉన్నాయి.

మట్టి గుండుకు భయపడదు కానీ నీటికి భయపడుతుంది. బ్యాటరీ వాగ్నర్ నిలిచిన ఇసుకను అట్లాంటిక్ ఎప్పుడో తీసుకుపోయింది. ఫోర్ట్ ఫిషర్ దగ్గర రోడ్డు వేయడానికి తీరాన్ని కాస్తున్న సహజమైన గవ్వరాతిని తవ్వుకుపోయారు. అడ్డు తొలగిన సముద్రం 20,000 గుండ్లు చేయలేని పని చేసింది. సముద్రముఖపు గట్టులో ఎక్కువ భాగాన్ని కోసేసింది. మెకాలిస్టర్ నదిలోకి ఎగువగా, ఉప్పు బురదనేలల చాటున ఉండటం వల్ల మిగిలింది. ఫోర్ట్ పులాస్కీ దగ్గర 1935 నుంచి సముద్రమట్టాన్ని కొలుస్తున్నారు. అది ఏటా సగటున మూడు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతూ వస్తోంది. ఆ తీరంలో పోటు కట్టల మీదికి వచ్చే రోజులు ఎక్కువవుతున్నాయి.

ప్రస్తుతానికి గట్టుకు పెద్ద శత్రువు మాత్రం చెప్పుకాలు. పచ్చిక మీద ఒకే దారిలో పదే పదే నడిస్తే గడ్డి చచ్చి, బోసిపోయిన గీత పడుతుంది. వాన వచ్చినప్పుడు నీళ్ళు ఆ గీత పట్టుకుని కాలువ కడతాయి. గట్టు మీద పెద్ద చెట్టు పెరిగితే తుపానుకు వేళ్ళతో సహా పెళ్ళగిలి బండెడు మట్టిని లేపుకుపోతుంది. అందుకే ఇలాంటి చోట్ల చెట్లు పెరగనివ్వరు, గడ్డిని మరీ పొట్టిగా కోయరు, నడవడానికి చెక్క మెట్లు వేస్తారు. వెళ్ళినవాళ్ళు ఆ మెట్ల మీదే ఎక్కి, ముందు నది వైపు గట్టు ఎంత మందంగా ఉందో చూసి, ఆ తర్వాత వెనక్కి తిరిగి నేల వైపు కందకం ఎంత లోతుందో చూస్తే, 1863లో ఓడలకు లొంగని కోట 1864లో పావుగంటకే ఎందుకు పోయిందో అక్కడికక్కడే అర్థమవుతుంది.